బరువు మారిన బరి

బరువు ప్రాతిపదికగా జరిగే పోటీలు కోనసీమ విద్యార్థులకు కొత్త కావు. మలికిపురం ప్రాంతంలో కబడ్డీ ఆడే బాలుడైనా జూనియర్ పోటీలకు ముందు తూకానికి నిలబడక తప్పదు. సమాన దేహభారం గలవారే తలపడాలన్నది ఈ నియమంలోని న్యాయం. కుస్తీ, బరువులెత్తడం, ముష్టియుద్ధం దీని మీదనే ఆధారపడి ఉన్నాయి. అయితే ఇరవయ్యో ఏట సులభంగా తగ్గిన బరువు ముప్పయి దాటిన పిమ్మట అంత సులభంగా తగ్గదు. ఆహారమూ నీరూ మాని శరీరాన్ని శుష్కింపజేస్తే బలం కూడా తరిగిపోతుంది. అట్టి క్రీడాకారుడు పై విభాగానికి మారడం మేలా?

ఈ ప్రశ్నకు మన తెలుగునాటనే ఒక సమాధానం కలదు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 1994, 1995 సంవత్సరాలలో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచారు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో 63 కిలోల విభాగంలో రజతం సాధించారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నాటికి ఆమె 69 కిలోల విభాగానికి చేరారు. ఒళ్లు పెరిగిందనీ, పూర్వపు పదును లేదనీ విమర్శలు వెలువడ్డాయి. ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలుచుకున్నారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. చివరి యత్నంలో 137.5 కిలోలకు పూనుకొని విఫలురాలయ్యారు. అది లేచి ఉంటే స్వర్ణమే! స్వర్ణ, రజత విజేతలిద్దరూ ఎత్తినది సమానంగా 242.5 కిలోలు. అప్పటి నిబంధన ప్రకారం దేహభారం తక్కువగా ఉన్న చైనా క్రీడాకారిణి లిన్ వీనింగ్‌కు స్వర్ణం దక్కింది. గ్రాముల విలువ అంతటిది.

కాని ఇనుము తిరిగి కొట్టదు. ముష్టియుద్ధంలో బరువైన ప్రత్యర్థి పిడికిలి కూడా బరువైనదే. పైగా హెవీవెయిట్ విభాగానికి గరిష్ఠ పరిమితి లేదు. వయసుతో మందగించే చురుకుదనమే అక్కడ చిన్న దేహానికి రక్షణ. కనుక ఒక మెట్టు ఎక్కడం వివేకమే గాని, ఏకంగా హెవీవెయిట్‌కు ఎగబాకడం సాహసమే.

అమెరికా యోధుడు రాయ్ జోన్స్ ఆ సాహసం చేశారు. 2003 మార్చిలో, 34వ ఏట, తనకన్నా సుమారు 15 కిలోలు అధికంగా తూగిన జాన్ రూయిజ్‌ను ఓడించి హెవీవెయిట్ కిరీటం అందుకున్నారు. పెంచిన కండను కరిగించుకొని అదే సంవత్సరం మళ్లీ 79.4 కిలోల విభాగానికి దిగివచ్చారు. నవంబరులో ఆంటోనియో టార్వర్‌పై కష్టపడి గెలిచారు. 2004 మే నెలలో అదే టార్వర్ చేతిలో రెండవ రౌండులోనే నేలకూలారు. ఎక్కడం కన్నా దిగడమే ఆయనకు చేటు తెచ్చిందని పలువురి అభిప్రాయం.