రేవులోకి వచ్చిన లోకం

డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుండి ఓడ రేవులోకి వస్తుంటే మన పిల్లలు సంబరంగా చూస్తారు. ఆ ఓడలో ఏముంది, ఎక్కడినుండి వచ్చింది అని ఎప్పుడైనా వారిని అడిగారా?

1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మన రేవులో ప్రవేశించింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావుగారు ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆ కర్మాగారానికి కావలసిన కోకింగ్ బొగ్గులో చాలా భాగం ఆస్ట్రేలియా వంటి దేశాలనుండి ఓడల్లో వస్తుంది. 2011లో అక్కడి క్వీన్స్‌లాండ్‌లో వరదలకు గనులు మునిగినప్పుడు ఆ బొగ్గు ధర ప్రపంచమంతటా పెరిగింది. అక్కడి వాన ఇక్కడి పనిని తాకుతుంది. కాబట్టి గాజువాక దాటి వెళ్ళని కుర్రవాడు కూడా లోకంతో కలిసి పనిచేయవలసినవాడే.

తల్లిదండ్రులారా, పదో తరగతి మార్కులతోపాటు మూడు అలవాట్లు మన బిడ్డలకు అవసరం. మొదటిది, ఇంగ్లీషులో ఉన్న సూచనలను చదివి అర్థం చేసుకోవడం. ఇంట్లో కుక్కరుతో వచ్చిన కాగితాన్నిచ్చి, తెలుగులో వివరించమనండి. రెండవది, తెలియనిదాన్ని సిగ్గుపడకుండా అడగడం. మూడవది, చేసిన తప్పును దాచకుండా చెప్పడం. క్రేను దగ్గర, కొలిమి దగ్గర దాచిన చిన్న తప్పు పక్కవాని ప్రాణం తీయగలదు. ఇంట్లో నిజం చెప్పినందుకు దెబ్బలు తిన్న బిడ్డ రేపు పనిలో నిజం చెబుతాడా?

పది తరువాత ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ దారులున్నాయి. ఓడ పనికి వెళ్ళాలనుకునేవారు చేరబోయే శిక్షణ సంస్థకు కేంద్ర ప్రభుత్వ నౌకాయాన డైరెక్టరేట్ అనుమతి ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. ఓడలో ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని దగ్గర రుసుము తీసుకోకూడదని 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక చెబుతుంది. మన దేశం దానిని 2015లో ఆమోదించింది. కనుక లక్షలు అడిగే దళారి మాట నమ్మి పొలం, నగలు తాకట్టు పెట్టకండి.

ఈ సాయంత్రం పిల్లలతో అట్లాసు తెరిచి, ఆస్ట్రేలియానుండి విశాఖకు వేలితో దారి గీయించండి. ఆ గీత చివర మన ఇల్లుందని వారికి చూపించండి.