ఫొటో తీసింది విద్యార్థి.. హక్కు ఎవరిది?

1930ల్లో బొంబాయిలో చిత్రకళ చదువుతున్న రోజుల్లోనే హోమాయ్ వ్యారావాలా తీసిన ఫొటోలు ‘బాంబే క్రానికల్’లో అచ్చయ్యాయి. ఒక్కో ఫొటోకు ముట్టిన ప్రతిఫలం ఒక రూపాయి. తొలినాళ్లలో ఆమె చిత్రాలు భర్త మానెక్‌షా పేరిట కూడా వెలువడ్డాయి. దేశంలో తొలి మహిళా ఫొటో జర్నలిస్టుగా గుర్తింపు పొంది, 2011లో పద్మవిభూషణ్ అందుకున్న వ్యక్తి వృత్తి జీవితం ఆ విధంగా ప్రారంభమైంది. ఫొటోకు ఎంత ఇస్తారు, కింద ఎవరి పేరు వేస్తారు అనే రెండు ప్రశ్నలు నేటి విద్యార్థులనూ వదలలేదు. వాటికి ఇప్పుడు చట్టంలో చాలావరకు సమాధానాలు ఉన్నాయి. తరగతి గదిలో కెమెరా పాఠాలకు దక్కే సమయం వాటికి దక్కదు, అంతే తేడా.

కాపీరైట్ చట్టం-1957 ప్రకారం ఫొటో తీసిన వ్యక్తే దానికి రచయిత. హక్కు సంక్రమించడానికి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. 2012 సవరణ తర్వాత ఆ హక్కు ఫొటోగ్రాఫర్ జీవితకాలంతో పాటు మరణానంతరం మరో 60 ఏళ్లు కొనసాగుతుంది. అయితే రచయిత, తొలి యజమాని ఎల్లవేళలా ఒక్కరే కానక్కర్లేదు. చిక్కంతా సెక్షన్ 17లోనే ఉంది.

పత్రికలో ఉద్యోగిగా గానీ, అప్రెంటిస్‌గా గానీ ఒప్పందంపై పనిచేస్తూ ప్రచురణ కోసం తీసిన ఫొటో విషయంలో, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికల్లో ప్రచురించే హక్కు యాజమాన్యానికి చెందుతుంది. పుస్తకం, ప్రదర్శన వంటి మిగిలిన అవసరాలకు మాత్రం హక్కు తీసినవారిదే. ‘అప్రెంటిస్’ అనే మాటను చట్టం ప్రత్యేకంగా ప్రస్తావించిందన్న సంగతి ఇంటర్న్‌షిప్‌కు వెళ్లే విద్యార్థుల్లో ఎందరికి తెలుసన్నది సందేహమే. ఇక ఎవరైనా డబ్బు చెల్లించి ప్రత్యేకంగా తీయించుకున్న ఫొటోకు, భిన్నమైన ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే తొలి యజమాని. స్వచ్ఛందంగా వెళ్లి తీసిన ఊరేగింపు ఫొటో విద్యార్థి సొంతం కాగా, అదే ఊరేగింపును ఒక సంస్థ రుసుము చెల్లించి తీయిస్తే లెక్క తలకిందులవుతుంది. ‘నొక్కింది నేనే కాబట్టి నాదే’ అన్న వాదన అక్కడ నిలబడదు.

హక్కుల బదిలీ నోటిమాటతో చెల్లదు. సెక్షన్ 19 ప్రకారం అది రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లుగా, ఏ ప్రాంతానికో చెప్పకపోతే భారతదేశానికి మాత్రమే పరిమితమైనట్లుగా పరిగణిస్తారు. అందువల్ల ‘శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా సర్వహక్కులు’ అనే వాక్యం కనిపించిన చోట సంతకానికి ముందు ఆగి చదవాలి. ఒకసారి ప్రచురణకు అనుమతి ఇవ్వడం వేరు, హక్కునే రాసివ్వడం వేరు. హక్కు చేయి మారినా, ఆ చిత్రాన్ని తీసింది తానేనని చెప్పుకొనే అధికారం సెక్షన్ 57 కింద ఫొటోగ్రాఫర్‌కు మిగిలే ఉంటుంది.

వృత్తి నైపుణ్యం విషయానికొస్తే, లెన్సుల గురించి జరిగే చర్చలో పదోవంతు కూడా ఫొటో వ్యాఖ్య గురించి జరగదు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవి మొదటి వాక్యంలోనే ఉండాలి. నేపథ్యం రెండో వాక్యంలో రావచ్చు. 2015లో ఇటలీకి చెందిన జొవాన్ని ట్రోయిలో వరల్డ్ ప్రెస్ ఫొటో పురస్కారాన్ని కోల్పోవడానికి వ్యాఖ్యలోని లోపమే దారితీసింది. బెల్జియంలోని షార్లెరువా నగరంపై రూపొందించిన కథనంలోని ఒక ఫొటో నిజానికి బ్రస్సెల్స్ ప్రాంతంలోని మోలెన్‌బీక్‌లో తీసినదని తేలింది. తెలుగులో వ్యాఖ్య రాసేవారికి మరో జాగ్రత్త అవసరం. ‘నిందితుడు’ రాయాల్సిన చోట ‘దోషి’ అని, ‘తోపులాట’ జరిగిన చోట ‘దాడి’ అని రాస్తే ఫొటో అబద్ధం చెప్పకపోయినా వార్త అబద్ధమవుతుంది.

దిద్దుబాట్ల పరిమితులూ కఠినమే. కత్తిరింపు, వెలుగునీడల స్వల్ప సవరణలను వార్తా సంస్థలు సాధారణంగా అనుమతిస్తాయి. ఒక వస్తువును తొలగించడం, చేర్చడం మాత్రం నిషిద్ధం. 2015 వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో తుది దశకు ముందు వరకు చేరిన చిత్రాల్లో సుమారు 20 శాతం ఇటువంటి కారణాలతోనే అనర్హతకు గురయ్యాయి. అదే ఏడాది, రా ఫైళ్ల నుంచి తయారుచేసిన చిత్రాలను పంపవద్దని రాయిటర్స్ తన ఫ్రీలాన్సర్లకు సూచించింది.

నేర వార్తల్లో పొరపాటుకు పర్యవసానం మరింత తీవ్రం. పోక్సో చట్టంలోని సెక్షన్ 23 బాధిత బాలల ఫొటోతో పాటు కుటుంబం, పాఠశాల, పరిసరాల వివరాలను వెల్లడించడాన్నీ నిషేధిస్తోంది. ముఖాన్ని మసకబరిచి, యూనిఫాంపై బడి పేరును అలాగే వదిలేస్తే ఆ మసక వల్ల ప్రయోజనం ఉండదు. అత్యాచార బాధితుల గుర్తింపు విషయంలో భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 72 వర్తిస్తుంది.

ఈ రంగంలోకి ఒకే దారి లేదు. డానిష్ సిద్దిఖీ ఢిల్లీలోని జామియా మిల్లియాలో అర్థశాస్త్రం, అనంతరం మాస్ కమ్యూనికేషన్ చదివారు. టీవీ విలేకరిగా పనిచేసి, 2010లో రాయిటర్స్‌లో ఇంటర్న్‌గా చేరారు. రోహింగ్యా శరణార్థులపై చిత్రాలకు 2018లో పులిట్జర్ బహుమతి పొందిన రాయిటర్స్ బృందంలో ఆయన సభ్యుడు. 2021 జులై 16న అఫ్గానిస్థాన్‌లో విధి నిర్వహణలో ప్రాణాలు కోల్పోయారు. పొరుగున ఢాకాలో షాహిదుల్ ఆలమ్ 1998లో ప్రారంభించిన ‘పాఠశాల’ సంస్థ దక్షిణాసియా విద్యార్థులకు ఈ విద్యలో ప్రధాన కేంద్రాల్లో ఒకటిగా ఎదిగింది.

ఫ్రీలాన్సర్‌గా తొలి అడుగు వేసేవారు కెమెరా కొనుగోలుకు చేసే అప్పు, ప్రయాణ ఖర్చు, బీమా లెక్కవేసుకున్నాకే ఒక్కో చిత్రానికి వచ్చే పారితోషికం సరిపోతుందో లేదో చూసుకోవాలి. చిత్రం పంపే ముందు పేరు, తేదీ, స్థలం, వ్యాఖ్యలను ఫైల్ మెటాడేటాలోనే నమోదు చేయడం మంచిది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే నాణ్యత తగ్గడమే కాక ఆ వివరాలూ తొలగిపోతాయి. డాక్యుమెంట్ రూపంలో గానీ, ఈమెయిల్ ద్వారా గానీ పంపి, కెమెరా నుంచి వచ్చిన అసలు ఫైల్‌ను విడిగా భద్రపరచుకోవాలి. వివాదం తలెత్తినప్పుడు మొదట అడిగేది ఆ ఫైల్‌నే.