నెల్లూరి రోమక నాణెములు

1786వ సంవత్సరమున నెల్లూరి చేరువ నొక కర్షకుఁడు రాతికొండ ప్రక్కను దున్నుచుండఁగా నాఁగలి యిటుకకట్టడమునకుఁ దగిలి నిలిచెను. త్రవ్విచూడఁగాఁ జిన్న దేవాలయపు శిథిలములును, వానిక్రింద నొక కుండయుఁ గానవచ్చెను. కుండలో రెండవ శతాబ్దినాఁటి రోమక నాణెములుండెను; ట్రాజను, హేడ్రియను, ఫౌస్టీనాలవి యందుఁ గలవు. ఆతఁడు వానిని బాతబంగారముగా నమ్మివేసెను. పెక్కులు కరఁగిపోయియుండును. అమీరుల్ ఉమరా నవాబు ముప్పదికిఁ బైగాఁ దిరిగి సంపాదించెను. మద్రాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు డేవిడ్‌సను లేఖవలన నీ వృత్తాంతము నిలిచినది.

కరఁగిన బంగారముకంటెఁ బెద్దనష్టము వేఱొకటి కలదు. ఇటుకల కొలతయుఁ గుండ యాకారమును లేఖలో లేవు. ఆ కుండను గుడి కట్టకపూర్వమే పాతిరో, తరువాత నెవరైన దాఁచిరో యవియే చెప్పఁగలిగి యుండెడివి.

పదిరూపాయలకు మించిన నిక్షేపము దొరకినచోఁ గలెక్టరునకుఁ దెలుపవలయునని 1878 నాఁటి చట్టము. పెంకులకుఁ బదిరూపాయల వెల యెవరు కట్టుదురు?

నేఁడు కృష్ణపట్టణము రేవునకును, రొయ్యల చెఱువులకును తీరమంతటను నేల త్రవ్వఁబడినది. నాఁగలి యిటుకకుఁ దగిలి నిలిచినది, యంత్రము నిలువదు. కావున నిటుకవరుస కానవచ్చినతోడనే పని యాపి, దేనినిఁ గదల్పక, లోఁతు కొలిచి, ఛాయాచిత్రము తీసి, పురావస్తుశాఖకుఁ దెలుపవలయునని పని యొప్పందములోనే వ్రాయవలయును. ఆఁగిన దినములకుఁ గూలి యిత్తుమనియు నందుండవలయును. లేనిచోఁ గుండ మరల రహస్యముగా నంగడి చేరును.