కలివికోడి జాడ ఎక్కడ?

గోదావరి తీరాన ఎగువన సిరోంచ, దిగువన భద్రాచలం. ఈ రెంటి నడుమ, పూర్వపు వరంగల్ జిల్లాలోని నేటి ములుగు ప్రాంతంలో, ఏటూరునాగారం అడవులు విస్తరించి ఉన్నాయి. పందొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఈ లోయలో సంచరించిన భూగర్భ శాస్త్రవేత్త బ్లాన్‌ఫర్డ్ సిరోంచ, భద్రాచలం పరిసరాల్లో ఒక అరుదైన పక్షిని చూసినట్లు నమోదు చేశారు. అదే కలివికోడి. నేడు అది గోదావరి లోయలో ఉన్నదనడానికి ఆధారం లేదు.

సైనిక వైద్యుడు జెర్డన్ సేకరించిన ఈ పక్షి 1848లో శాస్త్రలోకానికి పరిచయమైంది. అందుకే ఆంగ్లంలో ఆయన పేరుతోనే పిలుస్తారు. కలివి పొదల్లో తిరుగుతుంది కనుక మనవాళ్లు కలివికోడి అన్నారు. సుమారు 27 సెంటీమీటర్ల పొడవుండే ఈ పక్షి పగలు పొదల నీడన దాగి, చీకటి పడ్డాక నేలపై పరుగెడుతూ పురుగులను ఏరుకు తింటుంది. 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించిన తరువాత దాని జాడ తెలియకపోవడంతో అంతరించిందనే భావించారు.

ప్రఖ్యాత పక్షి శాస్త్రవేత్త డాక్టర్ సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలోని పక్షులపై సర్వే జరిపారు. కలివికోడి కోసం జరిగిన అన్వేషణలోనూ ఆయన పాలుపంచుకున్నారు. చివరకు 1986 జనవరిలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కృషితో, కడప జిల్లా రెడ్డిపల్లి సమీపంలో అది మళ్లీ బయటపడింది. ఆ విజయంలో బొమ్మను చూసి పక్షిని గుర్తుపట్టిన గ్రామస్థుల పాత్ర తక్కువది కాదు. ఆ ప్రాంతమే అనంతరం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైంది.

కనిపించని పక్షిని లెక్కించడం ఎలా? పరిశోధకులు పొదల మధ్య సన్నని మట్టి పరచి, ఉదయాన్నే దానిపై పడిన పాదముద్రలను పరిశీలించారు. సూర్యాస్తమయం తరువాత కొద్దిసేపే వినిపించే దాని కూతను రికార్డు చేసి, వేర్వేరు చోట్ల వినిపించి, బదులు కోసం చెవియొగ్గారు. అయినా కచ్చితమైన సంఖ్య తేలలేదు. ఎదిగిన పక్షులు 50 నుంచి 249 వరకు ఉండవచ్చని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంచనా. అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో దానిని చేర్చింది.

కూత వినపడలేదంటే పక్షి లేదని తీర్మానించలేము. స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఎవరి దృష్టికీ రాకుండా ఉండిపోయిన ఒక గుడ్డు, 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో సేకరించినది, జన్యు పరీక్షలో కలివికోడిదేనని రుజువైంది. 2025 ఆగస్టులో, అనేక సంవత్సరాల నిశ్శబ్దం తరువాత, కడప జిల్లాలో దాని కూత మళ్లీ నమోదైంది.

ఈ పక్షికి దట్టమైన అడవీ వద్దు, బోడినేలా వద్దు. పొదలు పలుచగా, మధ్యమధ్య ఖాళీ నేల ఉండాలి. మితమైన పశువుల మేత ఆ స్థితిని నిలుపుతుంది, మితిమీరితే చెరుపుతుంది. పొదలను కొట్టి నిమ్మతోటలు వేసినా, కాలువలు తవ్వినా దానికి నిలువ నీడ ఉండదు. తెలుగుగంగ కాలువ మార్గాన్ని ఈ పక్షి కోసమే మార్చవలసి వచ్చింది.

ముళ్లపొదల నేలను మనం వ్యర్థభూమి అంటాము. ఆ పేరు పెట్టిన క్షణమే అక్కడి జీవులు మన లెక్కలోంచి జారిపోతాయి. గోదావరి లోయలోని పొదనేలల్లోనూ మట్టి పరచి, సంధ్యవేళ చెవియొగ్గి ఓపికగా వెదకాలి. పక్షి దొరకవచ్చు, దొరకకపోవచ్చు. వెదకకుండానే లేదని రాసేయడం మాత్రం న్యాయం కాదు. అడవి అంచున పశువులు మేపేవారినీ, కట్టెలు ఏరేవారినీ ముందుగా అడగాలి. 1986లో జాడ చెప్పినది అటువంటివారే.