సాంబ మసూరికి దొరికిన మూడు కాపలాలు

సాంబ మసూరి అన్నం ఇష్టపడని తెలుగిల్లు అరుదు. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 పేరుతో వచ్చిన ఈ వంగడానికి సన్నగింజ ఉంది, రుచి ఉంది, బ్యాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే శక్తి మాత్రం లేదు. తెగులు సోకితే ఆకు కొస నుంచి అంచుల వెంబడి అలలు అలలుగా పసుపెక్కి ఎండిపోతుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద జిగట బొట్లుంటాయి. ఎండెక్కాక అవే పసుపు పూసల్లా గట్టిపడతాయి. ఆ బొట్ల నిండా బ్యాక్టీరియాలే. తెగులున్న ఆకును కోసి గ్లాసు నీళ్లలో ఉంచితే కోసిన చోటు నుంచి మసక మసకగా ధార దిగుతుంది.

మొక్కకు మనలా రక్తంలో తిరిగే రక్షక కణాలు లేవు. ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకోవాలి. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ కలిసి సాంబ మసూరికి అలాంటి కాపలాలు మూడు జోడించాయి. 2008లో వచ్చిన ఆ వంగడమే ఇంప్రూవ్డ్ సాంబ మసూరి. ఇది జన్యుమార్పిడి పంట కాదు. సంకరం చేసి, తరతరానా డీఎన్‌ఏ గుర్తులు చూసి మొక్కలను ఏరుతూ తెచ్చినది.

మొదటి జన్యువు ఎక్స్‌ఏ 21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. కణం పైపొర మీద ఉండే దీని ప్రొటీన్, బ్యాక్టీరియా వదిలే ఒక చిన్న ప్రొటీన్ ముక్కను పసిగట్టి లోపలి రక్షణ జన్యువులను లేపుతుంది.

మిగతా రెండూ ఇంకా ఆసక్తికరం. ఈ బ్యాక్టీరియా తన ప్రొటీన్లను వరి కణంలోకి ఎక్కించి, చక్కెరను బయటికి పంపే జన్యువును తనే పనిచేయిస్తుంది. అలా వచ్చిన చక్కెర తిని పెరుగుతుంది. ఎక్స్‌ఏ 13 ఉన్న వరిలో ఆ జన్యువు మీట కాస్త మారి ఉంటుంది, బ్యాక్టీరియా ప్రొటీన్‌కు పట్టు చిక్కదు. ఎక్స్‌ఏ 5లో, జన్యువులను చదివే యంత్రాంగంలోని ఒక ప్రొటీన్ కొద్దిగా మారింది. దాన్ని ఆసరా చేసుకునే శత్రువుకు పని సాగదు. ఎదురుదాడి లేదు, తిండి దొరకనివ్వకపోవడమే రక్షణ. బ్యాక్టీరియా మారి ఒక కాపలాను తప్పించుకున్నా మిగతా రెండూ ఉంటాయి.

పుట్టుకతో వచ్చిన శక్తి ఇది. దెబ్బతిన్నాక వచ్చేదీ ఉంది. కొన్ని ఆకులకు మొజాయిక్ వైరస్ సోకిన పొగాకు మొక్కలో, ఆ తర్వాత మిగతా ఆకులు కూడా వైరస్‌ను గట్టిగా ఎదుర్కొన్నాయని 1961లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రాంక్ రాస్ చూపారు. అందులో సాలిసిలిక్ ఆమ్లానిది ముఖ్యపాత్ర.

ఎండాకు తెగులు ముదిరాక మందు చల్లి ఆపడం కష్టం. అందుకే తట్టుకునే విత్తనం అడిగి తెచ్చుకోండి. నారు కొసలు తుంచి నాటకండి, ఆ గాయాల నుంచే బ్యాక్టీరియా దూరుతుంది. తెగులు కనిపించిన మడిలో యూరియా వేయడం ఆపండి.