ఇంగ్లీషువారు మరచిన ఇంటిమాటలు

వాడుక తప్పిన పదములనగానే నోరు తిరుగని పండితశబ్దములు మనస్సునకు తోచుట సహజమే కాని, ఇంగ్లీషు భాషాచరిత్రను కొంచెము ఓపికతో తిరుగవేసిన వారికి, కాలగర్భమున కలిసిపోయినవానిలో వంటింటి మాటలును, చుట్టరికపు మాటలును విస్తారముగా కానవచ్చును.

కోడిగ్రుడ్డు సంగతియే చూడుడు. ఇంగ్లండునకు అచ్చుయంత్రమును తెచ్చిన విలియం కాక్‌స్టన్, 1490లో తాను ప్రకటించిన యొక గ్రంథమునకు పీఠిక వ్రాయుచు ఈ వృత్తాంతమును చెప్పినాడు: జీలండునకు పోవలసిన వర్తకులు కొందరు, థేమ్సు నదిలో గాలి అనుకూలింపక, ఒడ్డునకు దిగిరి; వారిలో నొకడు ఒక ఇల్లాలిని తినుటకు 'ఎగ్స్' కావలెనని యడుగగా, ఆమె తనకు ఫ్రెంచి రాదని బదులు చెప్పెనట! తనకును ఫ్రెంచి తెలియని ఆ వర్తకునకు ఒళ్లు మండెను. మరియొకడు 'ఐరెన్' అన్నపిమ్మట గాని ఆ యిల్లాలికి సంగతి బోధపడలేదు. ఆమె పలుకు తాతముత్తాతలనాటిది. వర్తకునిది స్కాండినేవియానుండి వలసవచ్చినవారి నోటిమాట. తుదకు నిలిచినది ఆ వలసమాటయే.

చుట్టరికముల గతి ఇంతకంటె చిత్రము. ప్రాచీనాంగ్లమున మేనమామకు 'ఏఆమ్' అనియు, తండ్రి సోదరునకు 'ఫెడెర' అనియు వేర్వేరు పేర్లుండెడివి. మేనత్తకును, తల్లి తోబుట్టువునకును అట్లే. 1066లో నార్మనులు జయించిన పిమ్మట, పాలకుల ఫ్రెంచినుండి దిగిన 'అంకుల్', 'ఆంట్' అను రెండు మాటలు క్రమముగా ఈ నాల్గింటిని మ్రింగివేసినవి. వింత యేమనగా, 'అంకుల్'కు మూలమైన లాటిన్ పదమునకు మేనమామ యనియే అర్థము! ఆ మాటయే నేడు మన పట్టణములలో పొరుగింటి పెద్దమనిషికిని, బస్సులో ప్రక్కసీటువానికిని చెల్లుచుండుట చూచిన, అది మ్రింగుట ఇంకను మానలేదని తోచును.

కొన్ని పదములు తాము గతించియు తోక విడిచి పోయినవి: దయ యను అర్థముగల 'రూత్' వాడుక తప్పగా, నిర్దయుని చెప్పు 'రూత్‌లెస్' నేటికిని చెల్లుచున్నది.

ఇట్టివాని కెల్ల లెక్క చూచినది ఆక్స్‌ఫర్డు నిఘంటువు. 1857లో సంకల్పింపబడి, 1884లో తొలిభాగము వెలువడి, 1928కి గాని ముగియని ఆ మహాకార్యమునకు చిరకాలము సంపాదకుడైన జేమ్స్ మర్రే, తన తోటలో ఇనుపరేకుల షెడ్డు వేయించి, ఎందరో పాఠకులు ఉచితముగా పంపిన ఉదాహరణల చీటీలను గూళ్లలో పేర్చి, పదపదమునకు జాతకము వ్రాసి, వాడుక తప్పినదాని ముందు చిన్న బాకు గుర్తు నుంచెను. పని ముగియకమున్నే 1915లో కన్నుమూసెను.

గ్రుడ్డునకును, మేనమామకును వేరొక మాటయైనను దొరకినది. 'ఓవర్‌మారో' పోయినచోట ఏదియు మొలవలేదు. కవర్‌డేలు 1535నాటి బైబిలు అనువాదమున కనబడు ఈ పదమునకు ఎల్లుండి యని అర్థము; నేడు ఇంగ్లీషువాడు ఆ ఒక్క దినమును చెప్పుటకు నాలుగు మాటలు కూర్చుకొనవలసివచ్చుచున్నది. నా దృష్టిలో అసలు నష్టమిది. ఏడు రాత్రులని వారమునకు పేరైన 'సెనైట్' కూడ ఇట్లే పోయినది. పదునాలుగు రాత్రుల 'ఫోర్ట్‌నైట్' ఏల బ్రతికినదో చెప్పుటకు తర్కమేదియు తోచదు; అదియు ఇంగ్లండులో వినబడినంతగా అమెరికాలో వినబడదు.