తండ్రి వ్రాసిన కాగితము – బిడ్డల పాలు

హైదరాబాదునుండి కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారిమీద ప్రజ్ఞాపూర్ ఉన్నది. గజ్వేల్‌తో కలిసి నేడు ఒకే పురపాలక సంఘము. ఒకప్పుడు ఎకరములలో చెప్పుకొన్న భూమి ధరను ఇప్పుడీ రోడ్డు ప్రక్కన గజములలో చెప్పుకొనుచున్నారు. ఇట్టి భూమి గల ఇంట పెద్ద కన్నుమూసినచో దినవారములు ముగియకముందే పాసుపుస్తకమెక్కడనను మాట బయలుదేరును. ఈ తగవులు ఎట్లు పుట్టుచున్నవో, ఎట్లు తీరగలవో శ్రోతలకు విన్నవింపదలచితిమి.

ఒక కుటుంబమును ఊహింతము. తండ్రి పేర నాలుగెకరములు. పెద్దకొడుకు పట్నములో ఉద్యోగి. చిన్నకొడుకు ఊరనే ఉండి సేద్యము చేయుచు, తండ్రిని ఆసుపత్రికి మోసినవాడు. కూతురును సిద్దిపేట దగ్గర ఇచ్చిరి. తల్లి బ్రతికియున్నది. పదకొండవ దినమున చిన్నవాడు ఒక వీలునామా తీసెను, భూమియంతయు తనకే. “బాపు చేయి రెండేండ్ల నుంచి వణుకుతుండె, ఈ దస్కతు ఆయనది కాదు” అని పెద్దవాడు. “ఆడబిడ్డకు పెండ్లినాడే ఇచ్చితిమి గదా” అని అన్నదమ్ములిద్దరును. ఆ ఒక్క విషయమున వారికి భేదము లేదు! ఎవరింట కూర్చుండవలెనో తోచక తల్లి వాకిట కూర్చుండెను.

ముందుగా కాగితము సంగతి చూతము. వీలునామాకు స్టాంపు కాగితము అక్కరలేదు, తెల్లకాగితము చాలును. రిజిస్ట్రేషను కూడ తప్పనిసరి కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టము కోరునది వేరు: వ్రాసినవాడు సంతకముగాని వేలిముద్రగాని వేయవలెను, కనీసము ఇద్దరు సాక్షులు దానిని చూచియో, ఆయన నోట వినియో, ఆయన యెదుట తామును సంతకము చేయవలెను. తగవు కోర్టుకెక్కినచో ఆ సాక్షులలో బ్రతికియున్నవారినొకరినైనను పిలిచి చెప్పింపవలెను. సాక్షులుగా తనకంటె వృద్ధులను పెట్టుకొనువారు ఈ మాట మరచుచున్నారు.

సంతకము నిజమైనంత మాత్రమున పని తీరదు. వేంకటాచల అయ్యంగారి కేసులో సుప్రీంకోర్టు 1958 నవంబరు 13న చెప్పిన తీర్పు నేటికిని ప్రమాణము. వ్రాసినవాని ఆరోగ్యము సందేహాస్పదమైనను, కారణము లేకుండ దగ్గరివారిని త్రోసిపుచ్చినను, లాభము పొందువాడే వ్రాతకోతలలో ముందు నిలిచినను, ఆ అనుమానములను తొలగించు భారము వీలునామా చూపినవానిదే. మా ఊహలోని చిన్నకొడుకు మంచివాడే కావచ్చును. కాని “తల్లికి ఇట్లు జరుగవలెను, బిడ్డకు ఈ కారణమున ఇయ్యలేదు” అని తండ్రి రెండు పంక్తులు వ్రాసియుండినచో వానికెంత మేలు జరిగెడిది!

ఇక అసలు చిక్కు. తనది కాని దానిని వీలునామాలో ఎవరును ఈయలేరు. నాలుగెకరములును తండ్రి స్వార్జితమైనచో ఆయన ఇష్టము. ఉమ్మడి కుటుంబపు ఆస్తి అయినచో తన పాలు మాత్రమే ఈయగలడు. ఉమ్మడి ఆస్తిలో కూతురుకును కొడుకుతో సమానముగ పుట్టుహక్కు కలదని 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్ర చట్టము చెప్పుచున్నది. ఆనాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చెను. కట్నమిచ్చితిమను మాట ఆ హక్కును చెరుపజాలదు.

లెక్క వేయుదము. భూమి ఉమ్మడిదే అయినచో తండ్రికి ఒక ఎకరము, ముగ్గురు బిడ్డలకు తలా ఒక ఎకరము. మన దక్షిణాది సంప్రదాయములో ఈ పంపకమున భార్యకు వేరు పాలు లేదు. వీలునామా నిలిచినను చిన్నవానికి రెండెకరములే. నిలువనిచో తండ్రి ఎకరము తల్లికిని ముగ్గురు బిడ్డలకును తలా పది గుంటలగును. అంటే తగవంతయు నిజమునకు ఒక్క ఎకరముమీదనే. అయితే తాతనుండి వచ్చినదెల్ల ఉమ్మడి ఆస్తి కాదు. 1956 చట్టము ప్రకారము కొడుకునకు సంక్రమించిన తండ్రి ఆస్తి ఆ కొడుకు స్వంతమేనని 1986లో చందర్ సేన్ కేసున తీర్పు వచ్చెను. కావున భూమి ఎవరికి ఎప్పుడు ఎట్లు వచ్చెనో పాత పహాణీలు వెదకి చూచినగాని ఎవరి పాలును తేలదు. ముస్లిము కుటుంబములకు న్యాయము వేరు. అక్కడ వారసుల సమ్మతి లేనిదే మూడవ వంతునకు మించి వీలునామా చెల్లదు.

సంపన్నుల ఇండ్లును ఈ తగవునకు అతీతములు కావు. పిఠాపురము రాజా గంగాధర రామారావు దత్తత చేసికొనిన పిమ్మట 1885లో ఆయనకు కుమారుడు కలిగెను. సంస్థానము ఆ కుమారునకే చెందునట్లు వీలునామా వ్రాసి 1890లో మరణించెను. దత్తపుత్రుడు వ్యాజ్యమాడగా అది లండనులోని ప్రీవీ కౌన్సిలునకెక్కి 1899లో తేలెను, వీలునామా నిలిచెను. ఆ బాలుడే పిమ్మట సూర్యరాయాంధ్ర నిఘంటువును పోషించిన సూర్యారావు బహద్దరు. సంస్థానము గనుక తట్టుకొన్నది. నాలుగెకరముల ఇల్లు లండనుదాక కాదు గదా, జిల్లా కోర్టు దాక పోయినను భూమిలో కొంత ఫీజులక్రింద కరగిపోవును.

మన ఊళ్లలో మొదట జరుగునది విరాసత్. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానమున 2025లో భూభారతి చట్టము వచ్చినది. తహసీలుదారు వారసులకు నోటీసులిచ్చి విచారింపవలెను. నోటీసు అందినప్పుడు ఊరకుండుట పెద్ద పొరపాటు. అభ్యంతరమున్నచో వ్రాతమూలముగ తెలుపవలెను. అయితే పాసుపుస్తకములో పేరెక్కినంతనే హక్కు తేలినట్లు కాదు. హక్కు తేల్చునది సివిలు కోర్టే. బ్యాంకు ఖాతాలోని నామినీ సంగతియు అంతే. అతడు సొమ్ము పుచ్చుకొనువాడేగాని ఒంటరి హక్కుదారు కాడు.

ఇంటివారే కూర్చుండి కుదుర్చుకొన్న ఒప్పందమును కోర్టులు ఆదరించును. నోటిమాటగా జరిగిపోయిన పంపకమును జ్ఞాపకార్థము వ్రాసికొనినచో రిజిస్ట్రేషను అక్కరలేదని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పెను. కాని ఆ కాగితముతోనే పంపకము జరుగుచున్నచో రిజిస్ట్రేషను తప్పదు. సాగుభూమికి అది తహసీలుదారు కార్యాలయముననే జరుగును. పెద్దమనుషుల పంచాయితీ మంచిదేగాని, కూతురును అల్లుని మాటున నిలిపి తీర్మానించు పంచాయితీ నిలువదు. ఆమె స్వయముగ వచ్చి కూర్చుండవలెను.

అట్లు కుదరనిచో లోక్ అదాలత్ కలదు. 1987 చట్టము క్రింద ఏర్పడిన ఈ అదాలత్తులో రాజీ కుదిరిన, అది సివిలు కోర్టు డిక్రీతో సమానము, అప్పీలు లేదు, పెండింగు కేసైనచో చెల్లించిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకుండ న్యాయసేవాధికార సంస్థ ఉచితముగ వకీలునిచ్చును.

మేము ఊహించిన ఇంటివారు రాజీకి వచ్చినచో వారికి మా సలహా ఒకటి కలదు. గుంటలను మాత్రమే లెక్కింపక, రోడ్డుముఖము ఎవరికి, బోరుబావి ఎవరికి, చిన్నవాడు ఆసుపత్రికి పెట్టిన ఖర్చు ఎంత, బ్యాంకు పంట అప్పు ఎవరు కట్టుదురు, ఇవన్నియు కాగితమునకెక్కవలెను. అన్నిటికంటె ముందు, తల్లి ఏ గదిలో ఉండును, ఆమె మందులకు నెలనెల ఎవరెంత ఇత్తురు అన్నది మొదటి పంక్తిలో వ్రాయింపవలెను.